కండ పైనా, కండ కిందా

నాలుగు రోజులు కూతురి దగ్గర ఉందామని కైకలూరు అవతలి లంక నుంచి బెజవాడ వచ్చింది పెద్దింట్లమ్మ. రెండో రోజు పొద్దున బట్టలు ఉతుకుతూ ఆగిపోయింది. కూతురు శ్రీదుర్గ ఈత కాస్ట్యూమ్‌లో ఎడమవైపు లోపల స్పాంజి ముక్క కుట్టి ఉంది. కుడివైపు ఏమీ లేదు.

“ఇదేంటే?” అని గుమ్మంలోకి వచ్చి అడిగింది.

శ్రీదుర్గకు ఇరవయ్యారేళ్లు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. బటర్‌ఫ్లై ఈతలో రాష్ట్రస్థాయి పతకాలున్నాయి. పద్నాలుగో ఏటనే హాస్టల్‌కి వెళ్లిపోయింది కనుక, ఆ తర్వాత ఆమె ఒంట్లో ఏం మారిందో, ఏం మారలేదో తల్లికి తెలియలేదు. ఇక దాచి లాభం లేదని చెప్పేసింది. ఎడమ రొమ్ము ఎదగలేదు. జబ్బేమీ కాదు, కొందరికి అంతే అన్నారు డాక్టర్లు. అప్పట్నుంచీ స్పాంజి కుట్టుకుంటోంది. పోయిన నెల పోటీల్లో కుట్టు ఊడి అది నీళ్ల మీద తేలింది. పక్క లేన్‌లోని పిల్ల దాన్ని పట్టుకుని “అక్కా, ఇది మీదేనా?” అని అందరి ముందూ అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగా తెలియకే అడిగింది. అందుకే మరీ తట్టుకోలేకపోయింది శ్రీదుర్గ.

“ఆపరేషన్ చేయించుకుంటానమ్మా. రేపు గవర్నర్‌పేటలో డాక్టర్‌ని కలవాలి.”

పెద్దింట్లమ్మ చేతిలోని కాస్ట్యూమ్‌ను నీళ్లు పోయేదాకా పిండి, దులిపి, తీగ మీద ఆరేసింది. “నేనూ వస్తా,” అంది.

డాక్టర్ ఛాయాదేవి తొందరపడే మనిషి కాదు. పరీక్ష చేశాక శ్రీదుర్గే ముందుగా అడిగింది.

“సిలికాన్ ఇంప్లాంట్‌ని ఛాతీ కండ కింద పెడితే సహజంగా కనిపిస్తుందట కదా మేడమ్. అలాగే చేసేయండి.”

“కనిపిస్తుంది. మీరు సన్నగా ఉన్నారు, పైన కండ కప్పితే ఇంప్లాంట్ అంచులు తెలియవు. కానీ ఒకసారి నడుం మీద చేతులుంచి గట్టిగా నొక్కండి.”

నొక్కగానే ఛాతీ కండ పలకలా బిగిసింది.

“ఈతలో మీరు నీళ్లను వెనక్కి లాగేది ఈ కండతోనే. ఇంప్లాంట్ దీని కింద పెట్టాలంటే అడుగున కొంత విడదీయాలి. తర్వాత చెయ్యి లాగినప్పుడల్లా ఇంప్లాంట్ జరిగినట్టు కనిపించొచ్చు. కొందరికి బలం కాస్త తగ్గుతుంది కూడా. పైన పెడితే కండ జోలికి వెళ్లం. అయితే చర్మం పల్చన కాబట్టి వంగినప్పుడు ముడతలు కనపడొచ్చు, చేతికి అంచు తగలొచ్చు. ఎక్కడ పెట్టినా జీవితాంతం ఉండేది కాదు. మధ్యమధ్యలో స్కాన్ చేసుకోవాలి, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు.”

“కండ కోయించుకోవద్దే!” అంది పెద్దింట్లమ్మ. “భుజం పట్టేసి నేను రెండేళ్లు వల లాగలేకపోయా. నీకు గుర్తులేదు.”

“అద్దంలో చూసుకునేది నేనమ్మా, నువ్వు కాదు!”

శ్రీదుర్గ కళ్లు తుడుచుకుంది. “ఇప్పుడే చెప్పక్కర్లేదండీ. వారం ఆలోచించుకోండి,” అంది ఛాయాదేవి.

నాలుగో రోజు తెల్లవారుతుండగా, జనం రాకముందే, శ్రీదుర్గ స్పాంజి లేకుండా కొలనులో దిగింది. గట్టున తల్లి ఒక్కతే కూర్చుంది. ఈ చివర నుంచి ఆ చివరకు బటర్‌ఫ్లై వేసింది. రెండు చేతులూ ఒక్కసారి లేచి పడుతుంటే, ఛాతీకి అడ్డంగా కండ సాగడం, బిగుసుకోవడం శ్రీదుర్గకు తెలుస్తూనే ఉంది. ఎన్నడూ దాని గురించి ఆలోచించింది లేదు. గట్టెక్కి, తల తుడుచుకోకుండానే డాక్టర్‌కి ఫోన్ చేసింది.

“కండ పైనే పెట్టండి మేడమ్. ముడతలు పడితే పడనీండి.”

“అయితే సైజు కుడిదానికంటే కాస్త తక్కువే పెడదాం. పల్చటి చర్మం బరువు మోయాలి కదా. రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, మరి ఫర్వాలేదా?”

“ఫర్వాలేదండీ.”

నాలుగు రోజులకని వచ్చిన పెద్దింట్లమ్మ రెండు నెలలు ఉండిపోయింది. ఆపరేషన్ తర్వాత చేతులు పైకెత్తకూడదన్నారు. రోజూ తనే జడ వేసేది. ఆరు వారాలు నీళ్లలో దిగనివ్వలేదు డాక్టర్. మూడు నెలలదాకా బటర్‌ఫ్లై వద్దంది. ఓ రోజు అద్దం ముందు వంగితే చంక పక్కన చిన్న ముడత కనపడింది. శ్రీదుర్గ ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు దాని సంగతి మర్చిపోయి ఆఫీసుకు వెళ్లింది. ఆ తర్వాత గుర్తొచ్చినా అన్నం మానలేదు.

తర్వాతి ఏడాది రైల్వే పోటీల్లో, రెండొందల మీటర్ల బటర్‌ఫ్లైలో, నాలుగో స్థానం వచ్చింది. సాయంత్రం లంకకి ఫోన్ చేసింది.

“నాలుగోవాళ్లకి ఏమీ ఇవ్వరా?” అంది తల్లి.

“ఇవ్వరమ్మా.”

“ఎంతలో పోయింది?”

“రెప్పపాటులో.”

“చెయ్యి నెప్పెట్టిందా?”

“లేదమ్మా. బాగా లాగింది. ముందు వంద మీటర్లు అసలు ఏమీ గుర్తు రాలేదు, ఈదడం తప్ప.”

అవతల పెద్దింట్లమ్మ ముక్కు చీదుకుంది. “రేపు ఈతకి వెళ్తున్నావా?”

“ఐదింటికే,” అంది శ్రీదుర్గ.