అచ్చిబాబు వేసిన రంగు

దీవి మీది డిగ్నాబాద్‌లో అచ్చిబాబు మాట నమ్మేవాళ్లు లేరు, కట్టుకున్న కనకలక్ష్మితో సహా. ఓడ రద్దయిందని చెప్పి పెళ్లివారిని జెట్టీ నుంచి వెనక్కి తిప్పిన ఘనుడు అతను. బావమరిది గురునాథం అంబాసిడర్ కారు పొగగొట్టంలో బంగాళాదుంప కుక్కి, అది దగ్గుతుంటే జలుబు చేసిందని మిరియాల కషాయం పట్టుకొచ్చాడు కూడా. అలాంటివాడు ఆ పొద్దున అదే కారు బానెట్ కింద తల దూర్చి, జోకు లేకుండా పనిచేస్తుంటే, దారినపోయేవాళ్లు ఆగి మరీ చూశారు.

కారు గురునాథం చనిపోయిన తండ్రి యర్రయ్యది. ఒకప్పుడు ఓడ దిగినవాళ్లని ఊళ్లోకి చేరవేసిన టాక్సీ. ఈ వానాకాలం మొదలైన దగ్గర్నుంచి దానికి సెల్ఫ్ పట్టడం లేదు. తాళం తిప్పితే ఇంజను మూలుగుతూ ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది. ఇక నలుగురూ చేరి తోయాల్సిందే. చౌల్దారీలో రిసార్టు కట్టిన కాంట్రాక్టరు మోహన్‌కృష్ణ ఈ కారు అడగ్గానే గురునాథం ఇచ్చేస్తానన్నాడు. అక్కడ ఇంజను పీకేసి, గేటు ముందు దిమ్మ మీద నిలబెడతారట, వచ్చినవాళ్లు ఫొటోలు దిగడానికి. లాక్కెళ్లే బండి భోజనాల వేళకి వస్తుంది. ఈలోగా కారు దారికొస్తే గురునాథం మనసు మారుతుందని అచ్చిబాబు ఆశ.

"దానికి వయసైపోనాది బావా. ఛోడో, వదిలీ," అన్నాడు గురునాథం గుమ్మంలో కూర్చుని.

"వయసు నీకూ అయింది. మీ అక్కని అడిగి నిన్ను కూడా దిమ్మెక్కించీమంటావా?"

గురునాథం నవ్వలేదు.

అచ్చిబాబు ముందు లైట్లు వేసి చూశాడు. సెల్ఫ్ కొడుతున్నా అవి మసకబారలేదు. అయినా అనుమానం తీరక తన చిన్న పడవ డింగీ నుంచి బ్యాటరీ మోసుకొచ్చి తగిలించాడు. అదే మూలుగు. టెర్మినళ్లు గీకి తళతళలాడించాడు. అదే మూలుగు. చివరికి సెల్ఫ్ మోటారే ఊడదీసి, నేల మీద కాలితో తొక్కిపెట్టి వైర్లు ముట్టించాడు. అది గిర్రున తిరిగి కాలి కిందనుంచి ఎగిరింది.

"చూసినావా, నీకంటే పడుచుది," అన్నాడు.

మళ్లీ బిగిస్తే మళ్లీ మూలిగింది.

కరెంటు వెళ్లడం వెళుతోంది, తిరిగి రావడానికే దారి దొరకడం లేదు. ఆ ఆలోచన రాగానే బ్యాటరీ ఎర్తు నుంచి ఇంజను మీది ఉత్త ఇనుముకి నేరుగా ఒక లావుపాటి వైరు పట్టించి తాళం తిప్పాడు. ఇంజను గభాలున అందుకుంది. అయితే లోపం ఇంజనుకీ చాసిస్‌కీ మధ్య ఉండే ఎర్తు పట్టీలో ఉందన్నమాట. ఉత్సాహంగా కిందకి దూరి దాని బోల్టు విప్పాడు.

పట్టీ కింద మందంగా, నున్నగా, ఎర్రగా రంగు. చూడగానే చెయ్యి ఆగిపోయింది.

అది అతను వేసిందే. బతుకంతా పడవల పనిలో గడిపాడు. వానలకి ముందు ఇనుమన్నది కనిపిస్తే చాలు, గీకి రెడ్ ఆక్సైడ్ పూయాలి. గోరంత జాగా వదిలినా ఉప్పుగాలి తినేస్తుంది. మొన్న ఎండాకాలం గురునాథం మాయాబందర్‌లో కూతురు సుష్మ దగ్గరికి వెళ్లినప్పుడు, అచ్చిబాబు కారుని దిమ్మల మీదికెత్తి, ప్రతి బోల్టూ విప్పి, దాని కింద కూడా రంగు పూసి, బిగించేశాడు. తిరిగొచ్చిన బావమరిది ఇదెవరు చేశారంటే, రాత్రి మీ నాన్న వచ్చి వేసి వెళ్లాడన్నాడు. కారుకి ఆ ఇనుమే కరెంటు తిరిగొచ్చే దారని, రంగు దానికి అడ్డమని అతనికి తెలియక కాదు. తెలిసిన సంగతి తలలో ఉంది, కుంచె చేతిలో ఉంది. రెండూ మాట్లాడుకోలేదు.

కత్తితో గీకి, తెల్లటి ఇనుము కనబడేదాకా గరుకు కాగితంతో రుద్ది, పట్టీ బిగించాడు. తాళం సగం తిప్పాడో లేదో కారు పలికింది.

గురునాథం లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి ఉంచాడు.

"ఎన్నాళ్లబట్టి ఈ వైరు పీకీసి ఉంచినావు బావా?"

"పీకడమేటిరా. రంగు. ఎర్తు పట్టీ కిందికి రంగు ఎల్లిపోయింది. నానే వేసినాను."

"మా నాయన వేసినాడన్నావు కదా."

"అది జోకు. రంగు జోకు కాదు. కారు బాగుండాలనే వేసినాను."

"వానలో ఈధి ఈధంతా బతిమాలి తోయించుకున్నాను. నువ్వూ తోసినావు. నవ్వుకుంటా తోసినావు."

అచ్చిబాబు కత్తి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నవ్వుతూ తోసిన మాట నిజమే. "పోనీ, ఇప్పుడు పలికింది కదా," అన్నాడు. "ఫోను చేసి ఇవ్వనని చెప్పీ."

"మాటిచ్చీసాను." గురునాథం తాళం వైపు చూస్తూ మాట్లాడాడు. "ఉంచుకున్నాననుకో. ఇది ఆగినప్పుడల్లా నువ్వేటి పీకీసావోనని నీ మొహం చూడాల. నాకొద్దు బావా. కారు పోతే పోనీ."

లాక్కెళ్లే బండి వచ్చింది. దాన్ని తోలుకొచ్చిన డ్రైవరు కుర్రాడు, పెద్దబ్బాయి అని అతని పేరు, నడుస్తున్న ఇంజను చూసి, తెచ్చిన తాడు మళ్లీ చుట్టేశాడు.

"నువ్వే దించీసి రా," అన్నాడు గురునాథం బావతో. "నాను తోలలేను." అని లోపలికి వెళ్లిపోయాడు.

చౌల్దారీ దాకా కారు ఒక్కచోట తడబడలేదు. ఎత్తుల మీద కూడా ఇంజను హాయిగా పాడింది. మధ్యలో టీకొట్టు దగ్గర కావాలనే ఆపి, మళ్లీ తాళం తిప్పి చూశాడు. ఠక్కున అందుకుంది. అలా అందుకోకుండా ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది.

రిసార్టు గేటు ముందు సిమెంటు దిమ్మ సిద్ధంగా ఉంది. వాలుబల్లల మీదుగా ఎక్కించి ఇంజను ఆపాడు. వెనకే వచ్చిన పెద్దబ్బాయి బానెట్ ఎత్తి చూసి, "అరే అంకుల్, మక్ఖన్‌లా, వెన్నలా ఉంది కదా. దీన్నెందుకు పీకడం?" అన్నాడు. అప్పుడే అచ్చిబాబు ఫోను మోగింది.

"దించీసినావా?" గురునాథం గొంతు.

"దించీసినాను."

"దారిలో ఎలగొచ్చింది?"

అచ్చిబాబు స్టీరింగు మీద చెయ్యి తీయలేదు.

"ఎక్కడరా. గారాచర్మా దాటిందో లేదో ఆగిపోయింది. అదే మూలుగు. ఎంత కొట్టినా పట్టలేదు. పెద్దబ్బాయి తాడు కట్టి లాక్కొచ్చినాడు. నువ్వన్నదే నిజం, దానికి వయసైపోనాది."

పెద్దబ్బాయి నోరు తెరిచి ఏదో అనబోతుంటే చేత్తో ఆపాడు.

అవతల ఎక్కడో కుక్కరు కూత వినబడింది.

"అయితే ఇచ్చీడమే మంచిదయింది," అన్నాడు గురునాథం.

"మంచిదే అయింది."

"అక్క ఇక్కడే ఉంది. చేపల పులుసు పెట్టింది. తొందరగా వచ్చీ బావా."

వస్తున్నానన్నాడు అచ్చిబాబు. తాళం పెద్దబ్బాయి చేతిలో పెట్టి, బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగి, రోడ్డు మీదికి నడిచాడు.