ఏడాది ఆలస్యపు అద్దం

యూనైసికి అన్యాయం జరిగింది 2009లో. సువా నగరంలో ఓ బట్టల కొట్టుకి పెళ్లికి ముందు నుంచీ కుట్టిపెట్టిన మనిషి. ఆమె గీసిన పూలతో, ఆమె కుట్టిన జబా, అంటే కాళ్లదాకా దిగే దీవుల గౌను, తొడుక్కుని కొట్టు యజమాని పెళ్లాం వీధి మలుపులో ప్రకటన బోర్డు మీద ఇంతెత్తు బొమ్మై నవ్వింది. కింద "నా చేతి కళ" అని రాయించుకుంది. సూదిలో దారం ఎక్కించడం రాని చెయ్యి అది. యూనైసి రోజూ ఆ బొమ్మ కిందే నిలబడి బస్సెక్కేది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. కూతురు టోరికా పొద్దున్నే టీ కప్పు పట్టుకుని నిలువుటద్దం ముందు కూర్చుంటుంది. ఆ అద్దం ఏడాది ఆలస్యంగా నడుస్తుంది. అందులో ఇవాళ కనపడేది కిందటేడు ఇదే రోజు. చుట్టాలొస్తే తల దువ్వుకోవడానికి వంటింట్లోని చేతి అద్దం అడుగుతారు, అంతే. నిలువుటద్దంలో అమ్మ ఇంకా రోజూ జుట్టు చిక్కు తీసుకుంటూ, చప్పుడు లేకుండా దగ్గుతూ కనిపిస్తోంది. నెలాఖరుకి అదీ ఆగిపోతుంది.

ఫొటో బుధవారం. దీవుల ఆడవాళ్ల కుట్టుపని అమ్మిపెడతామంది సిడ్నీలో ఓ పెద్ద దుకాణం. కుట్టినవాళ్లే ఆ బట్ట కట్టుకుని ఫొటో దిగి గురువారంకల్లా పంపాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. టోరికా కుట్టేవన్నీ మంటల్లాంటి రంగులు. ఒంటి మీద మాత్రం తల్లి కోసం కట్టిన నలుపు. ఏడాది నిండాక పెద్దలు విప్పించాలి దాన్ని. ఆ తంతు నెలాఖరున పెట్టుకున్నారు, విందుకి పందులకీ, పంచిపెట్టే చాపలకీ చెప్పేశారు కూడా.

ఫొటోలు తీసే ప్రణీతది పక్క వీధే. మంగళవారం వచ్చి కిటికీ దగ్గర వెలుతురు చూసుకుంది. ఫొటోలో టోరికా చేతిలో కత్తెర ఉండాలంది. టోరికా జుట్టుకి నూనె రాసి గుండ్రంగా, గోపురంలా దువ్వింది. బట్ట దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"నీ మొహమే నీ బ్రాండు అక్కా. ఈ నలుపులో కూర్చుంటే శవపేటికలు అమ్ముతున్నావనుకుంటారు."

మంచం మీద చాప అల్లుతున్న మేనత్త కెలెరా తలెత్తలేదు. నలుపు విప్పించే పెద్దరికం ఆమెదే. ఆ సిడ్నీవాళ్లని మూడు వారాలు ఆగమనండి, వాళ్లిళ్లలో చావుల్లేవా, అంది. నల్లబట్ట విప్పితే అమ్మని తనే గుమ్మం దాటించినట్టవుతుందని లోపల టోరికాకీ భయమే.

బుధవారం ప్రణీత కెమెరాతో వచ్చింది. ఫొటో పంపలేనని సిడ్నీవాళ్లకి రాసెయ్యమని టోరికా చెబుతుండగా అద్దంలో యూనైసి మంచం దిగింది. కిందటేడు ఆ పొద్దున టోరికా మందుల కోసం ఆస్పత్రికి వెళ్లింది, కెలెరా చర్చికి. ఇంట్లో ఏం జరిగిందో ఇద్దరికీ తెలీదు.

యూనైసి పెట్టెలోంచి నల్లబట్ట తీసింది, మొగుడు పోయినప్పుడు కట్టినది. దాన్ని అద్దానికి చూపించి, మడిచి, పెట్టెలో పడేసి మూత వేసింది. తర్వాత నారింజ రంగు జబా ఒకటి తెచ్చి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. తన భుజాల దగ్గర కాదు, ఇంకా ఎత్తున. ఆమెకన్నా టోరికా జానెడు పొడుగు. చాలాసేపు చేతులు దించలేదు. చప్పుడు లేకుండా ఒక్క మాటంది. "చాలు." అంత స్పష్టంగా పెదాలు కదిలాయి.

ఆ తర్వాత వంగి, ఆయాసపడుతూ, జబాని కెలెరా పరుపు కిందికి తోసేసింది.

కెలెరా లేచి పరుపెత్తింది. అక్కడే ఉంది, ఒక్క ముడత లేకుండా.

"ఏడాదిగా నా నడుముతో ఇస్త్రీ చేయించుకుందా మా వదిన," అంది. ఆ బట్టని అరచేత్తో నిమిరింది. "నిలబడవే పిల్లా."

"మరి పందులు?" అంది ప్రణీత.

"పందులు ఎక్కడికి పోతాయి? నెలాఖరున తింటాం. పోయిన మనిషే విప్పించాక మధ్యలో నేనెవర్ని?"

మెడ వెనక ముడి కెలెరాయే విప్పింది. నల్లబట్ట జారుతుంటే టోరికా ఏడ్చింది. జబా భుజాలకి సరిగ్గా సరిపోయింది, కింద అంచు మాత్రం సగమే కుట్టి ఉంది. టోరికా కిటికీ దగ్గర కూర్చుని మిగతా సగం కుట్టసాగింది. కత్తెర ఊసెత్తకుండా ప్రణీత ఫొటో తీసింది. కింద పేరేం రాయమంటావని అడిగితే, యూనైసి, టోరికా అని రెండూ రాయమంది. సిడ్నీలో చోటు ఆమెకే దక్కింది.

ఫొటో తీసిన మధ్యాహ్నమే కెలెరా కళ్లజోడు పెట్టుకుని, వంటింటి గోడకున్న చర్చి క్యాలెండరులో, చుట్టాలెవరూ తర్వాత పేచీ పెట్టకుండా, పెద్దక్షరాలతో రాసింది: టోరికా నలుపు విప్పించినది వాళ్లమ్మ యూనైసి, 2023 ఆగస్టు 9.