పచ్చ వైపుకు తిప్పిన బిళ్ళ

మనీషా పోయిన రోజు మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతున్నాను. చేతులు తడిగా ఉండి, ఫోన్ తీయమని మా ఆయన జోసెఫ్‌ను పిలిచాను. ఆయన విని, గోడకు ఆనుకుని అట్లే కూర్చుండిపోయాడు. నేను నల్లా కట్టేసి వచ్చేసరికి నాకు బిడ్డ లేదు.

మనీషా అంటార్కిటికాలో మన పరిశోధన స్థావరంలో మంచు బండ్లు బాగుచేసే మెకానిక్. పానా పట్టడం వనపర్తిలో వాళ్ళ నాన్న ట్రాక్టర్ల షెడ్డులో నేర్చింది. అక్కడున్న ఇరవై ఏడు మందిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. గిన్నెలు కడగడం అందరికీ వంతులవారీగా అన్నారట. "అందరి వంతులు తిరిగి తిరిగి నా కాడికే వస్తయమ్మా" అని ఫోన్లో నవ్వేది. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

అక్కడ తలుపు పక్కన ఒక బోర్డు, దాని మీద మనిషికో బిళ్ళ. బయటికి పోయేవాళ్ళు తమ బిళ్ళను ఎర్ర వైపుకు తిప్పాలి. వచ్చాక మళ్ళీ తమ చేత్తోనే పచ్చ వైపుకు తిప్పాలి. చెప్పిన వేళ దాటి అరగంటైనా ఎరుపే ఉంటే చుట్టుపక్కల దేశాల స్థావరాలకు రేడియోలో కబురు పెట్టాలి. ఎవరు దగ్గరుంటే వాళ్ళు బయలుదేరతారు. ఒక దేశపు హెలికాప్టర్, ఇంకో దేశపు డాక్టర్, మూడో దేశం దాచిన ఇంధనం. ఏ జెండా అని అడగరు. ఈ ఒప్పందం గురించి నేను ఎనిమిదో తరగతి పిల్లలకు గర్వంగా చెప్పాను.

ఆ రోజు మనీషా ఆగిపోయిన బండి కోసం రెండు కిలోమీటర్లు వెళ్ళింది. గాలి లేచింది. మంచు నెర్రెలో పడి కాలు విరిగింది. బోర్డు మీద ఆమె బిళ్ళ పచ్చగా ఉంది. నాలుగు గంటలు ఎవరూ వెతకలేదు. కబురు అందాక పక్క దేశం వాళ్ళు నలభై నిమిషాల్లో చేరుకున్నారు. "కోటు లోపల ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది" అని వాళ్ళ డాక్టరమ్మ నాకు ఉత్తరం రాసింది.

మనవాళ్ళ విచారణ నివేదికలో, ఆమె వెళ్ళేటప్పుడు బిళ్ళ తిప్పలేదనీ, చెప్పకుండా వెళ్ళే అలవాటు ఉందనీ రాశారు. ఆ అలవాటు సంగతి, వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పింది జోసెఫే. "చిన్నప్పటి సంది గంతే సార్, చెప్పకుంట పోతది" అన్నాడు. నేను చాయ్ కప్పులు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

నెల తర్వాత డాక్టరమ్మ రెండో ఉత్తరం వచ్చింది. ఆ రోజు వాళ్ళ స్థావరం నుంచి సామాను తెచ్చిన ఒకాయన మనవాళ్ళ దగ్గర భోంచేసి, మర్యాదకు గిన్నెలు కడిగాడట. ఉప అధికారి లక్ష్మణ్ బోర్డు దాకా వచ్చి, వంటగదిలోకి తొంగి చూడకుండానే ఎర్రగా ఉన్న బిళ్ళను తిప్పి, "మనీషా, మళ్ళీ మరిచావు, నేనే తిప్పాను" అని ఇంగ్లీషులో కేకేసి పోయాడట. ఎవరినో అంటున్నాడనుకుని ఆ అతిథి గిన్నెలు కడుగుతూనే ఉన్నాడు. సాక్ష్యం తన చేత్తో రాసి, సంతకం పెట్టి పంపాడు.

గిన్నెల చప్పుడైంది కాబట్టి నా బిడ్డ లోపలే ఉన్నట్టు లెక్క.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ విజయమ్మ వీధిలోవాళ్ళతో అనేది: "గిన్నెల సప్పుడు ఇనబడితే కోడలు ఇంట్ల ఉన్నట్టే. పోయి సూసుడెందుకు?" అందరూ నవ్వేవారు. ఇరవై ఆరేళ్ళుగా బడిలో హాజరు తీసుకుంటున్నాను. ముఖం చూడకుండా ఒక్క బిడ్డ పేరు ముందు కూడా గీత పెట్టలేదు.

ఈ గురువారం ఆ దేశాలన్నీ రక్షణ నియమాల మీద వీడియోలో సమావేశం పెడుతున్నాయి. తల్లిగా నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. స్థావరాన్ని నడిపే మన కార్యాలయం నుంచి సుదర్శన్ గారు, నేను చదవాల్సిన ధన్యవాదాల కాగితం పంపి ఫోన్ చేశారు. "ఉన్నది ఉన్నట్టు చదవండి మేడమ్. పేర్లు మాత్రం వద్దు."

"సదువు," అన్నాడు జోసెఫ్. "మీ బడిల బిడ్డ ఫోటో పెడ్తరట. నలుగుర్ల మన ఇజ్జత్ తియ్యకు."

"చదువుతాను" అన్నాను.

కాగితం వెనక వైపు ఇంగ్లీషులో నా మాటలు రాసుకున్నాను. బిళ్ళ తిప్పింది ఎవరు, ఏ వేళకు, అప్పుడు గిన్నెలు కడుగుతున్నది ఎవరు. దాని కింద అలవాటు సంగతి కూడా రాశాను. మనీషా ఎక్కడికి పోయినా నాకు చెప్పే పోయేది. వాళ్ళ నాన్న ఒక్కనాడూ అడగలేదు. ఆయన పేరు కూడా పూర్తిగా రాశాను. గురువారం నా పక్కన కూర్చోవడానికి ఆయన తెల్ల చొక్కా తీసి పెట్టుకున్నాడు. ఇస్త్రీ నేనే చేశాను, ముడత లేకుండా.

ఇవాళ మంగళవారం. వంటగదిలో పీట మీద ఊరికే కూర్చున్నాను.

"వసంతా! సప్పుడే లేదు, ఏడున్నవ్?" ముందు గదిలోంచి జోసెఫ్ కేక.

కావాలంటే లేచి వచ్చి చూడాలి.

కాగితం చదవడానికి ఇంకా రెండు రోజులుంది. పొద్దుటి గిన్నెలు ఇంకా తోమలేదు.