పక్కచూపు

పరశురాములు కారు రేసు ఉందంటే ఒకప్పుడు కోదాడ నుంచి జనం డీసీఎం వ్యాన్లు మాట్లాడుకొని మరీ పోయేవారు. కోదాడ పక్క అనంతగిరిలో గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు. మేళ్లచెరువులో సిమెంటు లారీ మీద స్టీరింగ్ పట్టి, ఆ ధైర్యంతోనే ఎవరిదో పాత జీపు తీసుకొని మట్టిరోడ్డు రేసులో దిగాడు. దిగిన మొదటిసారే రెండో స్థానం వచ్చింది. ఆ తర్వాత దక్షిణాదిన ఎక్కడ కార్ల ర్యాలీ జరిగినా అతని పేరు ఉండేది.

ఆ పేరుతోనే కోదాడలో డ్రైవింగ్ స్కూల్ పెట్టాడు. అది నడిచింది. సూర్యాపేటలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి తెరిచాడు. మిర్యాలగూడ స్కూల్ భార్య నవనీత చూసుకునేది. ఆడవాళ్లకు కారు నేర్పడంలో ఆమెకున్న ఓపిక పరశురాములుకు లేదు.

అతనికి నలభై దాటాక పక్కనున్నవన్నీ తగలడం మొదలైంది. టీ గ్లాసు మోచేతికి తగిలి పడిపోయేది. తలుపు రెక్కకు భుజం కొట్టుకునేది. ఎదురుగా ఉన్నది మాత్రం ఎప్పటిలాగే స్పష్టంగా కనిపించేది కాబట్టి చాలాకాలం పట్టించుకోలేదు. చివరికి సూర్యాపేటలో కళ్ల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, మెల్లగా చెప్పింది.

"నడిమిట్ల చూపు బాగనే ఉంది. చుట్టూ ఉన్న చూపు పోతున్నదండీ. గొట్టంలకెల్లి సూసినట్టు అయితది. పోయింది మళ్ల రాదు. మీరు ఇగ బండి తోలొద్దు."

"మందులు లేవా మేడం?"

"ప్రస్తుతానికైతే లేవు."

హైదరాబాదులో ఇంకో ఇద్దరికి చూపించుకున్నాడు. వాళ్లూ అదే మాట. తిరిగొచ్చేటప్పుడు బస్టాండు దగ్గర పవర్ లేని కళ్లద్దాలు కొని పెట్టుకున్నాడు. నవనీత అడిగితే, "సైటు వచ్చిందట, అంతే" అన్నాడు.

అప్పుడే మేళ్లచెరువు దగ్గర, తవ్వి వదిలేసిన సున్నపురాయి గనుల్లో ర్యాలీ పెడుతున్నారన్న కబురు వచ్చింది. అన్నేళ్లూ ఊళ్లు పట్టుకు తిరిగినవాడికి సొంత గడ్డ మీద మొదటి ర్యాలీ. ఇదొక్కటి గెలిచి ఆపేస్తానని తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు. ర్యాలీలో డ్రైవరు పక్కన ఒకడు కూర్చొని రాబోయే మలుపులు చదివి చెబుతాడు. పరశురాములుకు ఆ మనిషి లాజరు, లారీ రోజుల నాటి స్నేహితుడు. వాడి గొంతు వింటూ కళ్లు మూసుకొని కూడా తోలగలనని పరశురాములు నమ్మాడు.

రేసుకు ముందురోజు ఇద్దరూ దారి చూసుకోవడానికి కారు తీశారు. గనిలోంచి పైకొచ్చే మలుపులో ఎడమ పక్కనుంచి మంగ్లీ అనే తండా మనిషి కట్టెల మోపు నెత్తిన పెట్టుకొని దారి దాటుతోంది. పరశురాములు వేగం తగ్గించలేదు. లాజరు అరిచి, స్టీరింగ్ పట్టుకొని కుడికి లాగేశాడు. కారు రాళ్లకుప్పలోకి ఎక్కి ఆగింది. మోపు దారంతా చెల్లాచెదురైంది. మంగ్లీ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకొని, అక్కడే కూలబడి ఏడ్చింది. ఒంటికి దెబ్బ తగల్లేదు.

లాజరు ఆమెను లేపి నీళ్లు తాగించి వచ్చాడు.

"పరశా, నిజం చెప్పు. ఆమె నీకు కనవడిందా?"

పరశురాములు కారు దిగి, బంపరు చూడబోయాడు.

"కనవడిందా అని అడుగుతున్న!"

"లేదు." డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేశాడు. చెప్పి, స్నేహితుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "రేపొక్కరోజురా. నువ్వు చెప్తుంటవు, నేను తోల్త. నీ నోరే నా కండ్లనుకో. నీ కాళ్లు మొక్కుత."

"నా ఒక్కని పానమే అయితే, పోతే పోయిందని కూసుందును. దారి పొంటి నిలవడ్డోళ్ల సంగతేంది?" లాజరు చేతులు విడిపించుకున్నాడు. "నేను కూసోను. నిన్నూ కూసోనియ్య."

మరునాడు పొద్దున పరశురాములు సూర్యాపేట నుంచి మరొక కుర్రాణ్ని లాజరు చోట నావిగేటరుగా పిలిపించుకొని, కారును వరసలో పెట్టాడు. తన పంతమంటే తనకే భయంగా ఉంది. జనం అతని పేరు పెట్టి ఈలలు వేస్తున్నారు. అప్పుడు నవనీత వచ్చింది. లాజరు ఫోన్ చేసి ఆమెకు అంతా చెప్పేశాడు. ఆమె అతని కిటికీ పక్కన నిలబడింది.

"ముందుకు సూడు. తల తిప్పకు. నా చెయ్యి ఏడుంది?"

"ఏందే ఇది, అందరి ముందట!"

"ఏడుంది?"

"కిటికీ మీద ఉంది."

ఆమె అరచేతి వేడి చెంపకు తగిలాక గాని, అది తన మొహం పక్కనే ఉందని తెలియలేదు అతనికి. చప్పున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నవనీతా, ఈ ఒక్కపూట ఇడిసిపెట్టు. రేపటిసంది నువ్వు చెప్పినట్టే ఇంట."

"నిన్న ఆ మంగ్లీ సచ్చిపోతే?"

"సావలే గదా!"

అరిచాక ఆ మాట తనకే వినిపించింది. నవనీత అతని మొహంలోకి ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. పరశురాములు ఆ చూపు తట్టుకోలేకపోయాడు. ఒళ్లో ఉన్న హెల్మెట్ సీట్లో పెట్టి, కిందికి దిగి, నిర్వాహకుల టెంటు దాకా నడిచి, "నా పేరు తీసెయ్యండి సార్" అన్నాడు. మొదటి కారు బయలుదేరినప్పుడు జనానికి అడ్డంగా కట్టిన తాడు పట్టుకొని నిలబడ్డాడు. చప్పుడు గుండెల్లోంచి పోయింది. కారు మాత్రం కళ్ల ముందు ఒక్క క్షణం మెరిసి మాయమైంది. మనుషులు చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చాడు.

లైసెన్సు తనే పోయి ఇచ్చేసి వచ్చాడు. వానాకాలమంతా ఇల్లు కదల్లేదు. లాజరు వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. సూర్యాపేట స్కూల్ మూసేశారు. మిగిలిన రెండూ నవనీతే నడుపుతోంది.

దసరా దాటాక ఆమె బలవంతం మీద మిర్యాలగూడకు బయలుదేరాడు. స్కూల్ కారు అది, నవనీత తోలుతోంది. నేర్పేవాళ్ల కోసం ఎడమ సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. సగం దారి దాటుతుండగా, ఆ సీట్లో ఉన్న పరశురాములు దాన్ని ఒక్కసారిగా తొక్కేశాడు. కారు రోడ్డు మధ్యలో కీచుమని ఆగింది. వెనక ధాన్యం లారీ హారన్ కొడుతూ, వీళ్లను రాసుకుంటున్నట్టుగా పక్కనుంచి పోయింది.

"ఏమయింది?" నవనీత అతని వైపు తిరిగింది.

"ఎవరో అడ్డమొచ్చిన్రు."

"ఎవ్వరు లేరయ్యా."

అతను రోడ్డు కేసి తలను అటూ ఇటూ తిప్పితిప్పి వెతికాడు. ఎండలో ఖాళీ రోడ్డు, రెండువైపులా కోతకొచ్చిన వరి. నవనీత కారును పక్కకు తీసి ఆపింది. పరశురాములు తడుముకుంటూ దిగి, వెనక తలుపు తీసుకొని, వెనక సీట్లో కూర్చున్నాడు.

"పోనియ్" అన్నాడు.