చివరి వరుసలో చెయ్యి

నాటకశాల చివరి వరుసలో, గోడను ఆనుకున్న కుర్చీ పిన్నిది. నటులకు గొంతు సాధన చేయించడం ఆవిడ పని. రిహార్సల్లో వేదిక మీది మాట చివరి అక్షరంతో సహా తనదాకా చేరితే కుడిచెయ్యి పైకెత్తుతుంది. చేరకపోతే చెయ్యి ఒళ్లోనే ఉంటుంది. ఒళ్లో ఉన్న చేతికి ఒకటే అర్థం: ఇంకా.

అందరూ పిన్నీ అనే పిలిచినా, నిజంగా ఆ వరస ఉన్నది ఒక్క పిల్లకే. చనిపోయిన అక్క కూతురు. మైకు లేకుండా ఆడే కొత్త నాటకంలో ముఖ్య వేషం ఆ పిల్లదే. చివరి వరుసకు వినబడకపోతే వేషం ఇంకొకరికి ఇస్తానని దర్శకుడు ముందే చెప్పేశాడు.

కొన్ని వారాలుగా చెయ్యి లేవడం లేదు.

పిన్ని ఊరుకోలేదు. గొంతుతో అరవకు, పొట్టతో పలుకు, మాట తోక తెగనివ్వకు అని పోరింది. ఇంట్లో ఎదురుగా నిలబెట్టి, పళ్ల మధ్య సీసా బిరడా పెట్టి నోరు తిరగని మాటలన్నీ పలికించింది. ఆ పెదవులు ముత్యాలు పేర్చినట్టు కదిలేవి. ఒక్క అక్షరం జారేది కాదు. హాలుకు వెళ్లేసరికే ఏమవుతోందో అంతుపట్టేది కాదు. ముందు వరుసలో కూర్చునే దర్శకుడికి మాట గట్టిగానే వినబడేది. అయినా వెనక సంగతి పిన్నికే తెలుస్తుందని ఊరుకునేవాడు.

"నీ ఖాళీ కుర్చీల కంటే చెవిటివాడు నయం పిన్నీ," అంది పిల్ల ఓసారి, వేడినీళ్లు గుటకలేస్తూ. "వాడి ముందు శంఖం ఊదితే, పాపం ఆయాసపడుతున్నావని జాలైనా పడతాడు."

నవ్వుతూనే గొంతు పట్టుకుంది. పిన్ని అది చూసింది. చూసి కూడా, మర్నాడు సాధన ఇంకాస్త పెంచింది.

ఇంట్లోనూ ఏదో తేడాగా ఉండేది. కుక్కరు కూత వెయ్యకుండానే అడుగంటేది. తలుపు తట్టకుండానే మనుషులు గుమ్మంలో నిలబడి ఉండేవారు. మీ టీవీ పుణ్యమా అని మేం మాది అమ్మేశాం వదినా అని పక్కింటావిడ ముఖం మీదే అంటే, ఆవిడకు ఎప్పుడూ ఎకసెక్కమే అనుకుంది. కానీ ఇంట్లోకి ఎవరో రోజూ కాస్త కాస్త దూది కుక్కుతున్నట్టుండేది. అక్క పోయే ముందు కూడా ఇల్లు ఇలాగే సద్దుమణిగింది. ఈసారి ఎవరిని తీసుకుపోవడానికో అని పిన్ని నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

నాటకం ముందు రోజు ఆఖరి రిహార్సల్. వెళ్లిపోతున్న పడవను ఒడ్డున నిలబడి పిలవాలి పిల్ల. "వెనక్కి రా" అన్నాయి పెదవులు. చెయ్యి ఒళ్లోనే ఉంది. మళ్లీ పిలిచింది. మెడ నరాలు తాళ్లలా బిగిశాయి. దర్శకుడు వెనక్కి తిరిగి పిన్నిని వింతగా చూశాడు. పిన్ని చెయ్యి కదపలేదు. పిల్ల మోకాళ్లు వంచి, ఒంట్లో ఉన్న ఊపిరంతా కూడగట్టి పిలిచింది.

పిన్ని పక్కన కునుకు తీస్తున్న కాపలా మనిషి ఉలిక్కిపడి లేచి రెండు చెవులూ మూసుకున్నాడు. పైకప్పు దూలాల మీది పావురాలు గుంపుగా లేచాయి. పిన్ని తలెత్తి చూసింది. అన్ని రెక్కలు కొట్టుకుంటున్నాయి. చప్పుడు లేదు.

కుక్కరు, తలుపు, టీవీ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

చెయ్యి దానంతటదే లేచింది. రెండు చేతులూ ఎత్తి నిలబడి, "చాలమ్మా, చాలు" అని అరిచింది. ఆ మాట బయటికి వచ్చిందో లేదో తెలియలేదు.

పైకెత్తిన ఆ చేతులను పిల్ల చూసింది. ఎన్నాళ్లకో నవ్వింది. "పిన్నీ" అన్నాయి పెదవులు, స్పష్టంగా. మళ్లీ అదే మాట అన్నాయి. నవ్వు మెల్లగా ఆరిపోయింది. పిల్ల చెయ్యి తన గొంతు మీదికి వెళ్లింది. దర్శకుడు కుర్చీలోంచి లేచాడు.

పిన్ని కాపలా మనిషి చొక్కా పట్టుకుంది. "అది పిలుస్తోందయ్యా. నీకు వినబడుతోందా?"

అతను ఏదో అన్నాడు. మాటలు నోట్లోనే నమిలే మనిషి. పెదవులు చూస్తే ఏమీ అందలేదు.

"నోరు తెరిచి చెప్పు నాయనా. వినబడుతోందా?"

అతను చెవుల మీంచి చేతులు తీసి వేదిక వైపు చూశాడు. అక్కడ పిల్ల పెదవులు ఇంకా పిలుస్తూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ వరుసలోనే కునుకు తీసిన మనిషి; ఆ చేతి భాష అతనికీ తెలుసు. నెమ్మదిగా కూర్చుని, కుడిచెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.