డీకన్ టెన్నీ పెళ్ళి తేదీ

నా చెల్లెలు లొవైనాను చర్చిలో నిలబెట్టిన ఆదివారం నాటికి నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు అరవై ఒకటి. ఈ నలభై ఏళ్ళూ ఒక్క మనిషి తల వంచే రోజు కోసం కాచుక్కూర్చున్నాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆ మనిషి ఆర్సమస్ టెన్నీ. తర్వాత మా వెర్మాంట్ రాష్ట్ర సెనేట్‌లో నాలుగు సార్లు కూర్చున్నాడు, చర్చిలో డీకన్ అనే పెద్దరికమూ సంపాదించాడు గానీ, అప్పట్లో మా ఊరి చర్చికి పుస్తకం రాసే గుమాస్తా. లొవైనాకు పెళ్ళైన ఏడో నెలలో కాన్పయింది. బిడ్డ దక్కలేదు. పచ్చి బాలింత కన్నీళ్ళు ఆరకముందే ఈయనగారు లేచి, పెళ్ళికి ముందు చేసిన పాపం అందరి ముందూ ఒప్పుకోవాలన్నాడు. పిచ్చిది, తల దించుకుని గొణుగుతూ ఒప్పుకుంది.

"ఇంకోసారి చెప్పమ్మా. వెనకవాళ్ళకి వినపడలేదు," అన్నాడు టెన్నీ.

మూడుసార్లు చెప్పించాడు. అంతా అయ్యాక, సంఘం నుంచి వెలివేసినట్టు పుస్తకంలో రాశాడు. లొవైనా గడప దాటడం మానేసింది. తిండి మానేసింది. ఆ ఏడు మంచు కరగకముందే పోయింది. టెన్నీ మాత్రం నీతి నిలబెట్టిన మొనగాడని పేరు కొట్టేసి, ఆ పేరు మీదే ఓట్లు దండుకున్నాడు. లొవైనా మీద రాసిన మాట కొట్టేయమని నేను రెండుసార్లు వెళ్ళి బతిమాలాను. "రాసింది రాసినట్టే ఉండాలి కెజయా," అన్నాడు, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. వాడి మొహం మండ!

పోయిన ఏడాది మా జిల్లా చరిత్ర అచ్చు వేస్తామని పెద్దమనుషులు బయలుదేరారు. ప్రతి కుటుంబం చరిత్రా అందులో ఉండాలట. నేను బడిపంతులమ్మను, దస్తూరి గుండ్రంగా ఉంటుంది కాబట్టి మా ఊరి పని నాకు అప్పగించారు. ఇంటింటికీ వెళ్ళి, వాళ్ళ బైబిలు మధ్య పేజీల్లో రాసుకున్న పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ ఎత్తి రాయాలి.

టెన్నీ ఇంట్లో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆయన గొప్పలు రాయించుకున్నాడు. ఏ చట్టం తెచ్చాడో, ఏ వంతెన కట్టించాడో, ఎన్ని మెరినో జాతి గొర్రెలు పెంచాడో. అబ్బో, చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. తర్వాత బైబిలు నా ముందు పెట్టి, గొర్రెల బేరగాడు వచ్చాడని బయటికెళ్ళాడు.

అక్టోబరు 14, 1837, జెరూషాతో పెళ్ళి. మార్చి 2, 1839, పెద్దకొడుకు ఆన్సెల్ పుట్టుక. అంతా సవ్యంగానే ఉంది. కానీ పదేళ్ళ సంగతులన్నీ ఒకే సిరా, ఒకే కలం, ఒకే రోజు కూర్చుని రాసినట్టున్నాయి. ముప్పై ఏళ్ళు పిల్లల రాతపుస్తకాలు దిద్దినదాన్ని, నా కళ్ళు కప్పగలరా? మొదటి పేజీ తిప్పి చూశాను. ఆ బైబిలు అచ్చయిందే 1846లో.

తలెత్తితే గుమ్మంలో జెరూషా. టెన్నీ భార్య. ఆవిడ లోపలికెళ్ళి, బొంతల పెట్టె అడుగు నుంచి చిన్న పాత బైబిలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులోనూ అక్టోబరు పద్నాలుగే. సంవత్సరం మాత్రం 1838. ఆన్సెల్ పుట్టుక దగ్గర మార్పేం లేదు.

గబుక్కున కలం సిరాలో ముంచాను. సంతోషంతోనే. తర్వాత ఆవిడ మొహం చూసి నా కలం ఆగింది.

"ఇది బయటపడితే నీ పరువు కూడా పోతుంది కదే జెరూషా."

"పోనీ," అంది. "ఆన్సెల్ యుద్ధంలో పోయాడు. వాణ్ణి ఇంకెవరూ ఏమీ అనలేరు. లొవైనాను నిలబెట్టిన రోజు నేను ముందు బల్ల మీదే ఉన్నాను కెజయా, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని. నోరు మెదపలేదు. ఆనాటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. రాసెయ్."

రాసేశాను. ఆయన గొప్పల్లో ఒక్క అక్షరం మార్చలేదు. ఒక్క అంకె మార్చాను. అచ్చు దిద్దే కాగితాలు కూడా నా దగ్గరికే వచ్చాయి.

ఈ మార్చిలో పుస్తకాలు దిగాయి. తోలు అట్ట, బంగారు అక్షరాలు. మా వైపు మేపుల్ చెట్ల రసం తీసి పాకం కాచే రోజులు. టెన్నీ సంఘం మొత్తాన్నీ ఇంటికి పిలిచాడు. మంచు మీద వేడి పాకం పోసి అందరికీ పెట్టించి, పొయ్యి పక్కన నిలబడి తన చరిత్ర తానే చదవడం మొదలుపెట్టాడు. సెనేట్ గొంతు, ఇల్లంతా మోగిపోయింది.

"...పద్దెనిమిది వందల ముప్పై ఎనిమిది అక్టోబరు పద్నాలుగున జెరూషాను వివాహమాడెను. జ్యేష్ఠ కుమారుడు ఆన్సెల్ ముప్పై తొమ్మిది మార్చి రెండున జన్మించెను..."

ఆ ఊపులోనే గొర్రెల దాకా వెళ్ళిపోయాడు. విధవ పీజ్లీ మాత్రం ఒళ్ళో వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. బొటనవేలి దాకా రానేలేదు. పక్కావిడ కిసుక్కుమంది. టెన్నీ ఆగి, వెనక్కి వెళ్ళి, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

"అచ్చుతప్పు! కెజయా, ఏం రాసి చచ్చావ్?"

"మీ ఇంటి బైబిల్లో ఉన్నదే."

"మా బైబిల్లో ముప్పై ఏడుంది!"

జెరూషా లేచి పాత బైబిలు పాస్టరు చేతిలో పెట్టింది. ఆయన చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ముప్పై ఎనిమిదే డీకన్," అన్నాడు.

టెన్నీ పుస్తకం మూసేశాడు. తల దించుకుని ఏదో గొణిగాడు. చిన్నతనమనీ, తప్పైపోయిందనీ.

"ఇంకోసారి చెప్పండి," అంది జెరూషా. "వెనకవాళ్ళకి వినపడలేదు."

మూడుసార్లు చెప్పించింది.

ఆ ఆదివారం పాస్టరు చర్చి పుస్తకం తెరిచి, లొవైనా మీద రాసింది కొట్టేస్తానన్నాడు. నేను వద్దన్నాను.

"రాసింది రాసినట్టే ఉండాలన్నది ఆయనే. నా చెల్లెలు నలభై ఏళ్ళుగా ఆ పేజీలో ఒక్కతే నిలబడి ఉంది. దాని కింద టెన్నీ పేరు రాయండి."