వీపుకి వినపడే చప్పుడు

ఎలీషా సుత్తితో సైలెన్సర్ డబ్బా మీద తట్టాడు. ఒకసారి ముందువైపు, ఒకసారి నడుం దగ్గర, ఇంకోసారి తోక దగ్గర. కుడిచెవి దానికి ఆనించి మళ్ళీ తట్టాడు. నడుం దగ్గర బీటలువారిన కుండలా పలికింది. లోపలి పలక తుప్పుపట్టి ఊడిపోయిందన్నమాట. ఆ డబ్బాని పక్కన పెట్టి ఇంకోటి ఒళ్ళోకి తీసుకున్నాడు.

ఆటోనగర్‌లో అతని రేకుల షెడ్డు కన్నా ఇరుకైనది ఆ వరసలోనే లేదు. గోడల వెంట పైపులు, పాత డబ్బాలు, మధ్యలో బండి నిలబెట్టే గొయ్యి, మూలన గ్యాసు సిలిండర్లు. వాటన్నిటి నడుమ పొట్టిగా, వెడల్పాటి మణికట్లతో అతను. వెల్డింగు రవ్వలు పడి ముంజేతుల నిండా ఆవాలు చల్లినట్టు మచ్చలు. కనుబొమల్లో సగం వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయి మళ్ళీ రాలేదు. ఖాకీ చొక్కాని వెలుగుకి ఎత్తి పట్టుకుంటే జల్లెడలా ఉంటుందని అతని భార్య సువార్తమ్మ నవ్వుతుంది.

ఈ పని నేర్పింది మస్తాన్ మేస్త్రి. ఉయ్యూరు పక్క పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చిన ఎలీషాకి ఆయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు. "మోత చెయ్యడానికి మనమెందుకురా? పైపు ఊడదీస్తే చాలు, అదే చేస్తుంది. అణచడానికే మేస్త్రి కావాలి." ఆ మాట మీదే ఎలీషా బతుకు నడిచింది. లారీలు, వ్యాన్లు, ఆటోలు, పెళ్ళికొడుకులు ఊరేగిన కార్లు, అన్నీ అతని చేతిలో గొంతు తగ్గించుకుని వెళ్ళాయి. ఈమధ్య కుర్రాళ్ళు కార్లు తెచ్చి పులిలా గాండ్రించాలంటున్నారు. అవతలి రోడ్డు చూపించి పంపేస్తాడు. ఇన్ని బళ్ళ నోళ్ళు మూయించిన మనిషికి తన ఎడమచెవి మాత్రం దక్కలేదు. రోజంతా సుత్తి, ఇనుము. అది ఎప్పుడు పోయిందో కూడా అతనికి సరిగ్గా తెలియదు.

ఎండ ఇంకా ముదరకముందే బిస్కట్ రంగు పాత ఎస్టీమ్ కారొకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. పాతదే గానీ అద్దాలు తళతళలాడుతున్నాయి. డ్రైవరు సీట్లో చీర కట్టుకున్న ఒకావిడ ఉంది. పక్కనుంచి దిగిన మనిషి విఠల్, ఆవిడ భర్త. ఏదో ఆఫీసులో పనిచేసేవాడిలా ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు.

"మేస్త్రిగారూ, దీని సౌండు పెంచాలండీ" అన్నాడు, ఆ అడగడమేదో తనకే సిగ్గుగా ఉన్నట్టు.

"మోత బళ్ళు నేను చెయ్యనండి. ఆ పక్క రోడ్డులో కుర్రాళ్ళున్నారు, క్షణాల్లో చేసిచ్చేస్తారు. రేపు పోలీసులు ఆపితే మాత్రం వాళ్ళు రారు."

విఠల్ భార్యవైపు తిరిగి, ఆవిడకి తన మొహం సరిగ్గా కనపడేలా నిలబడి, "చెప్పాగా సంయుక్తా! అమ్మేద్దాం. బ్రోకర్ని ఇక్కడికే రమ్మన్నాను" అన్నాడు.

ఎలీషా అప్పటికే మళ్ళీ సుత్తి అందుకున్నాడు. కాసేపటికి విఠల్ ఎదురుగా వచ్చి చెయ్యి ఊపాడు. "మా ఆవిడ మీతో మాట్లాడుతోందండీ."

చూస్తే ఆవిడ ఎడమపక్కన నిలబడి ఉంది.

"ఈ పక్కకి రండమ్మా. ఆ చెవి నాకు పనిచెయ్యదు."

అతని పెదాల వంకే చూస్తున్న సంయుక్త నవ్వేసింది. "నాకు రెండూ అంతేనండీ."

ఎలీషా సుత్తి కింద పెట్టాడు.

ఆవిడ మాట ఒకే ఎత్తులో, హెచ్చుతగ్గులు లేకుండా వస్తోంది. కాలేజీ రోజుల్లో టైఫాయిడ్ వచ్చి తగ్గాక వినికిడి పోవడం మొదలైందట. ఏటికేడు తగ్గుతూ వస్తోంది. చెవికి మెషీన్ పెట్టుకుంటే బండిలో రోడ్డు మోతంతా కలిసిపోయి ఏది ఏదో తెలియదు. పటమట నుంచి ఉయ్యూరు హైస్కూలుకి రోజూ ఈ కారులోనే వెళ్ళి లెక్కలు చెప్పి వస్తుంది. లైసెన్సు ఉంది. అద్దాలు చూసుకుంటూ నడపగలదో లేదో పరీక్షించి మరీ ఇచ్చారు.

"ఈ బండి మీదే మా నాన్నగారు నాకు నేర్పారు. గేరెప్పుడు మార్చాలో బండే అడుగుతుందమ్మా, నువ్వు విను చాలు అనేవారు. ఇప్పుడది అడుగుతోందో లేదో నాకు తెలియడంలేదు. మొన్న కంకిపాడు దాకా రెండో గేర్లోనే పోయాను. ఇంజను మరిగిపోయింది."

"ఇంజను తిరుగుడు చూపించే ముల్లుంటుంది కదమ్మా కొన్ని బళ్ళకి?"

"దీనికి లేదండీ. ఉన్నా రోడ్డు చూడాలా, ముల్లు చూడాలా?"

"బస్సులో వెళ్ళమంటే వినదండీ" అన్నాడు విఠల్. విసుగ్గా అనలేదు, భయంగా అన్నాడు.

ఆవిడ అతని మాట పెదాల మీద చదువుకుంది. "వెళ్ళొచ్చు. బడికి ఎలాగైనా చేరొచ్చు. కానీ రోజుమొత్తం మీద నేనెవర్నీ 'ఏమన్నారు, మళ్ళీ చెప్పండి' అని అడగక్కర్లేనిది ఈ బండిలో ఉన్నంతసేపేనండీ."

రాత్రి భోజనాల దగ్గర సువార్తమ్మ ఏదో చెప్పడం, తను వినపడకపోయినా తలూపడం, ఆమె ముక్కు ఎగబీల్చి ఊరుకోవడం ఎలీషాకి గుర్తొచ్చాయి. లేచి తుండుగుడ్డ తలకి చుట్టుకున్నాడు.

"బండి గొయ్యి మీదకి తియ్యండమ్మా."

మొదట తనకి తెలిసిన దారే పట్టాడు. వెనక డబ్బా ఊడదీసి, దాని చోట ఉత్త పైపు తగిలించి, ఇంజను స్టార్ట్ చెయ్యమన్నాడు. షెడ్డు రేకులు దడదడలాడాయి. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. పక్క లేతు షెడ్డు రామకోటేశ్వరరావు మిషను ఆపి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం ఎలీషా, ఈ వయసులో ఇవేం కుర్రచేష్టలయ్యా!"

విఠల్ చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. సంయుక్త మాత్రం స్టీరింగు పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. కాసేపటికి కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపింది. "ఏదో గాలి తగిలినట్టుంది. అంతే."

ఎలీషా గొయ్యి గట్టున కూలబడ్డాడు. ఊరందరికీ వినపడుతున్న మోత కావలసిన మనిషికి చేరలేదు. పైపు వంక చూస్తుంటే పాత సంగతొకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి నాన్న చెరుకుబండి తోలుకెళ్తే తనూ వెళ్ళేవాడు. వరసలో బండ్లు కదిలేవి కావు. ఎండకి బండి కింద నేల మీద పడుకునేవాడు. లోపల క్రషర్లు తిరుగుతుంటే ఆ అదురు నేలలోంచి పాకి వీపులోకి వచ్చేది. చెవులు గట్టిగా మూసుకున్నా పోయేది కాదు. మిల్లు ఆగిందో, నడుస్తోందో నాన్న అడిగితే దాన్నిబట్టే చెప్పేవాడు.

గబుక్కున లేచాడు. "అమ్మా, పక్కనుంచి ట్రాక్టరు పోతే మీకు తెలుస్తుందా?"

"తెలుస్తుందండీ. ఇక్కడ." ఆవిడ గుండెల మీద చెయ్యి పెట్టి చూపించింది.

"అయితే మీకు కావలసింది మోత కాదమ్మా. అదురు."

ఎలీషా పనిలోకి దిగాడు. పాత జీపుది పెద్ద డబ్బా ఒకటి అటక మీంచి దించి, దాన్ని కోసి, లోపల లావుపాటి పైపు కూర్చి మళ్ళీ మూశాడు. డబ్బా పొట్ట పెరిగితే బండి గొంతు లావవుతుంది. అది మామూలు సంగతే. అసలు పని సీటు కింద ఉంది. అదురు పైకి రాకుండా కంపెనీలో రబ్బరు రింగులు వేసి పైపుని వేలాడదీస్తారు. ఇన్నాళ్ళూ ఎలీషా ఆ రింగులు పాడైతే కొత్తవి వేసినవాడే. ఇవాళ డ్రైవరు సీటు కింద రింగు తీసేసి, పైపుని ఇనపపట్టీతో నేల కింది అడ్డబద్దెకి బిగించాడు. పైపు చిట్లకుండా పట్టీ లోపల దళసరి బెల్టుముక్క పెట్టాడు. ముందువైపు, అటూ ఇటూ వంగే జాలీ పైపు ఒకటి అతికించాడు.

స్టార్ట్ చేస్తే సీటు కాదు, డోరు గిలక్కాయలా కొట్టుకుంది. పట్టీ జరపాలి. ఎంత జరపాలో తెలిసేది సీట్లో కూర్చున్న మనిషికే. కానీ గొయ్యిలోంచి అతను అరిస్తే ఆవిడకి వినపడదు, ఆవిడ చెప్పింది ఈ మోతలో అతనికి వినపడదు. అప్పుడు సంయుక్తే కిటికీలోంచి చెయ్యి కిందికి వేలాడేసింది. అరచెయ్యి తెరిచి ఉంటే ఇంకా అని, పిడికిలి బిగిస్తే చాలని. ఎలీషా గొయ్యిలో వెల్లకిలా ఒరిగి, ఆ చేతిని చూస్తూ పట్టీని కొంచెం కొంచెంగా జరిపాడు. కళ్ళలో తుప్పు రాలుతోంది. తెరిచిన చెయ్యి అలాగే ఉంది. ఇంకొంచెం జరిపాడు. వేళ్ళు సగం ముడుచుకున్నాయి. ఇంకొక వెంట్రుకవాసి. గాజుల చెయ్యి చటుక్కున పిడికిలి అయింది.

బందరు రోడ్డు మీద కానూరు వైపు తీసుకెళ్ళారు. పక్కసీట్లో ఎలీషా, వెనక విఠల్. కారు గొంతు మునుపటికన్నా పెద్దదే. బొంగురుగా, లోతుగా వస్తోంది. సెంటర్లో కానిస్టేబుల్ తల తిప్పి చూశాడు గానీ ఆపలేదు. సంయుక్త వీపు సీటుకి ఆనించి, మెడ నిటారుగా పెట్టి నడుపుతోంది. రెండో గేరు. వేగం అందుకుంటుంటే కింద అదురు సన్నబడి, బిగిసి, గునిసింది. ఆవిడ చెయ్యి గేరు రాడ్ మీదికి పోయి మూడులో వేసింది. సరిగ్గా అక్కడే, ఎలీషా అయినా అక్కడే మార్చేవాడు. తర్వాత నాలుగు.

"అడుగుతోందండీ" అంది ఆవిడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

వెనకసీట్లో విఠల్ ఫోను తీసి, "బ్రోకరుగారూ, మీరు రానక్కర్లేదండీ. అమ్మడం లేదు" అని చెప్పాడు. ఆ మాట సంయుక్తకి వినపడలేదు. అద్దంలో అతని పెదాలు చూసి నవ్వుకుంది.

షెడ్డు దగ్గర దిగాక ఎలీషా చెప్పింది ఒక్కటే. "నెలకోసారి ఆ పట్టీ బోల్టులు ఎవరిచేతైనా బిగించుకోండమ్మా. ఇక్కడికే రావాలని లేదు."

సంయుక్త మసిపట్టిన అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలింది. చేతులకి అంటిన మసి తుడుచుకోకుండానే స్టీరింగు పట్టుకుంది. వాళ్ళు పటమట వైపు వెళ్ళిపోయారు. కారు మలుపు తిరిగాక కూడా ఎలీషా అక్కడే నిలబడ్డాడు. కుడిచెవికి దాని చప్పుడు కొంతసేపు అందింది. తర్వాత అందలేదు.

సువార్తమ్మ పంపిన క్యారియర్‌లో బీరకాయ కూర, మజ్జిగ. కూర సగం వదిలేశాడు. ఎడమచెయ్యి బరువుగా లాగుతోంది. జీపు డబ్బా దించినప్పుడు పట్టేసి ఉంటుందనుకున్నాడు. స్కూలు వ్యానుకి పైపు సాయంత్రానికల్లా ఇవ్వాలి. దాన్ని వైసులో బిగించి, రంపంతో కోత మొదలుపెట్టాడు. కొంతసేపు కోసేసరికి చెమటలు పట్టాయి. ఊపిరి తీసుకుందామని గోడ వారనున్న పాత కారు సీటులో కూర్చుని, రేకుగోడకి వీపు ఆనించాడు.

అవతల రామకోటేశ్వరరావు లేతు నడుస్తోంది. ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్నా దాన్ని ఎలీషా చెవితో తప్ప వినలేదు. ఇప్పుడది రేకులోంచి, చొక్కాలోంచి, ఎముకల్లోకి మెత్తగా వచ్చింది. ఏదో ఇత్తడి పని చేస్తున్నాడు. ఇనుమైతే ఇంత నున్నగా ఉండదు. ఎలీషా కళ్ళు మూసుకుని, దాన్ని పోనివ్వకుండా, ఇంకొంచెం వెనక్కి ఒరిగాడు.

టీ తెచ్చిన రామకోటేశ్వరరావు అలవాటు ప్రకారం కుడివైపుకి వెళ్ళి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. టీ గ్లాసులు కింద పెట్టి భుజం మీద చెయ్యి వేశాడు.

కబురు వరసంతా పాకింది. ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్క షెడ్డులో మిషన్లు ఆగాయి. పటమటలంక నుంచి సువార్తమ్మ ఆటోలో వచ్చింది. అతని మొహం మీద మసి చూసి, కొంగు తడిపి నెమ్మదిగా తుడిచింది. తుడుస్తూ, అతని కుడిచెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో పక్కనున్నవాళ్ళకి వినపడలేదు. నలుగురూ కలిసి అతన్ని ఒక అద్దె వ్యానులోకి ఎక్కించారు. రామకోటేశ్వరరావు చివరగా లోపలికి వచ్చి, గ్యాసు సిలిండర్లు కట్టేసి, లైటు తీసేసి, షట్టరు దించబోయి ఒక్కక్షణం ఆగాడు.

వైసులో స్కూలు వ్యాను పైపు బిగించే ఉంది. దానిలో సగందాకా దిగిన రంపం, పిడి కొంచెం పక్కకి ఒరిగి, కోతలోనే నిలబడి ఉంది.